రెండు పెట్టెలు, ఒకే తాడు

వల్పరైసోలో రేవు దగ్గర్నుంచి కొండ మీదికి
రోజుకు నూటపన్నెండు సార్లు మనుషుల్ని ఎక్కిస్తాను.
ఒక పెట్టె పైకొస్తుంటే ఇంకోటి కిందికి దిగుతుంది,
తాడు ఒకటే.
పదకొండేళ్లుగా బ్రేకు మీద నా చేయి.

ఆదివారం రాత్రి తర్వాత
ఆ చేయి వణికింది.

లౌతారో ఓడలకు రంగులేస్తాడు.
గోళ్ల సందుల్లో ఎప్పుడూ తుప్పు రంగు ఎరుపు.
మొదట నవ్వుకున్నాం, తర్వాత మాటల్లేవు,
చివర్లో కండోమ్ చిరిగిందని ఇద్దరం ఒకేసారి చూశాం.
"ఏం కాదులే" అని గోడవైపు తిరిగాడు.
ఆ తిరగడమే
నా కడుపులో ముల్లై దిగింది.

సోమవారం గొంతులో గరగర.
అద్దం ముందు నాలుక చాపి చూసుకున్నాను.
దవడ కింద నొక్కి నొక్కి
నొక్కినందుకే నొప్పి పుడితే, అదిగో, అనుకున్నాను.
మేనకోడలు రయెన్ నా కప్పులో టీ తాగబోతే
లాక్కున్నాను. పిల్ల బిక్కమొహం వేసింది.
జబ్బు వెతుక్కునేవాడికి
ఒళ్లంతా సాక్షులే.

క్లినిక్‌లో నర్సు ఓర్తెన్సియా
ముందు గడియారం చూసింది, తర్వాత నన్ను.
"ఎన్ని గంటలైంది?"
"ముప్పై నాలుగు."
"డెబ్బై రెండు దాటలేదుగా, కూర్చో.
అవసరమైతే ఇవాళే మందు మొదలుపెడదాం,
ఇరవై ఎనిమిది రోజులు వేసుకోవాలి."
నేను కూర్చోలేదు.
"కప్పు సంగతి?" అన్నాను.
ఆమె నవ్వలేదు. అందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.
"కప్పుతో రాదు. ఎంగిలితో రాదు, చెమటతో రాదు,
నువ్విప్పుడు తుడుచుకుంటున్నావే, దాంతోనూ రాదు.
దానికున్న దారులు కొన్నే:
రక్తం, వీర్యం, లోపలి పొరల తడి, తల్లిపాలు.
చిరిగిన కండోమ్ ఒక దారే, కాదనను.
దారి ఉన్నంత మాత్రాన
దాని మీద ఎవరో వస్తున్నట్టు కాదు.
అతన్ని అడిగావా?"

అడగలేదు.
అద్దాన్ని అడిగాను, గొంతునొప్పిని అడిగాను,
ఏళ్లుగా మాటల్లేని దేవుణ్ణి కూడా అడిగాను.

ఫోన్‌లో గాలి హోరు, వెనక సుత్తి దెబ్బలు.
"నాకు హెచ్ఐవి ఉంది" అన్నాడు లౌతారో.
సుత్తి ఆగింది, లేదా నాకు వినపడ్డం ఆగింది.
"ఆరేళ్లుగా రోజూ ఒక మాత్ర.
నా రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువ,
మొన్న మార్చిలోనూ అంతే.
ముందే చెప్పాల్సింది.
చెబితే చొక్కా వేసుకుని వెళ్లిపోతావనుకున్నా."

వెళ్లిపోయేవాణ్ణే.

అతను రిపోర్టు ఫోటో పంపాడు.
ఓర్తెన్సియా కళ్లద్దాలు పైకి నెట్టి చదివింది,
ఫోన్ తీసుకుని, మధ్యలో మాత్రలు మానలేదు కదా అని
అతన్నే రెండుసార్లు గుచ్చి అడిగింది.
తర్వాత మందు డబ్బా తిరిగి అరలో పెట్టేసింది.
"ఇలా ఉన్నవాడితో పడుకుంటే అది రాదు.
తక్కువగా వస్తుందని కాదు. రాదు.
ఇక నీ సంగతి. ఎప్పుడు చేయించుకున్నావు పరీక్ష?"

ఎప్పుడూ లేదు.

"అయితే ఇవాళ ఒకటి, నలభై అయిదు రోజులకు ఇంకోటి.
అతని కోసం కాదు,
నీ పాత ఆదివారాల కోసం."

మెట్లు దిగుతూ సిగ్గుపడ్డాను.
నేను భయపడింది
తన లెక్క తెలిసిన మనిషిని చూసి.
లెక్క తెలియని మనిషి
నా చొక్కాలోనే ముప్పై ఆరేళ్లుగా తిరుగుతున్నాడు.

భయం ఒక్కసారిగా పోలేదు. అబద్ధమెందుకు?
రెండో పరీక్ష దాకా రాత్రుళ్లు వచ్చేది,
వచ్చినప్పుడు నర్సు మాటలు వరసగా చెప్పుకునేవాణ్ణి,
కొన్నిసార్లు పనిచేసేవి.

రయెన్‌కి టీ పోశాను.
సగం తాగి కప్పు నావైపు తోసింది,
అంచు మీద రొట్టె ముక్కలు.
మిగిలింది తాగేశాను.

మంచు పట్టిన ఒక సాయంత్రం
వరసలో చివర లౌతారో, చేతిలో నాణేలు.
గోళ్లలో ఈసారి నీలం.
ఇద్దరం ఏమీ అనలేదు.
తలుపు వేశాను, బ్రేకు వదిలాను.
పెట్టె కదిలింది,
ఎక్కడో మంచులో రెండో పెట్టె
మావైపే దిగివస్తోంది.